మూడో ఇంటి రొట్టె

నేను దర్జీని. మా సంఘంలో పెద్దని కూడా. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక నాకో పని ఉంటుంది. పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన రొట్టె ముక్కలూ, ద్రాక్షారసం కప్పులూ చిన్న చెక్కపెట్టెలో సర్దుకుని, చర్చికి రాలేని వాళ్ళ ఇళ్ళకి పట్టుకెళ్ళాలి. ఆ రొట్టె, రసం తీసుకోవడాన్నే మేం బల్ల తీసుకోవడం అంటాం. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. మూడిళ్ళు. చూపు పోయిన లెక్కల మాస్టారు, నడుము విరిగిన బస్సు డ్రైవరు, మూడో అంతస్తులో ఇస్త్రీ పెద్దమ్మ.

ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డని ముప్ఫై ఏళ్ళు ఉతికి ఇస్త్రీ చేసింది కాబట్టి ఆ పేరు. కాళ్ళు పడిపోయాక ఇల్లు కదల్లేదు. మంచి మనిషే. కాకపోతే ప్రార్థన మొదలుపెట్టిందంటే సంఘంలో ఒక్కొక్కరి పేరూ ఎత్తి, వాళ్ళ పిల్లల పరీక్షలూ, వాళ్ళ కుక్క కాలి మీద కురుపూ అన్నీ దేవుడికి విన్నవిస్తేగానీ ఆమేన్ అనదు. ఆ ఆమేన్ వచ్చేసరికి నా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి.

ఆ నెల, శనివారం సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"నాయనా, రేపు తప్పకుండా వస్తావు కదూ? ఈసారి బల్ల తీసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఎందుకో తెలీదు."

"రాక ఎక్కడికి పోతాను పెద్దమ్మా" అన్నాను.

మర్నాడు ఒకటే వాన. రెండిళ్ళు అయ్యేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆవిడ ఉండే మేడ కింద నిలబడి మెట్ల వైపు చూశాను. మూడంతస్తులు, ఆ పైన ముప్పావుగంట ప్రార్థన. మోకాళ్ళు అప్పటికే సలుపుతున్నాయి. పోయిన నెల ఇచ్చాను, వచ్చే నెల ఇస్తాను, ఇంతలో ఏం మునిగిపోయింది అనుకున్నాను. అక్కడే పెట్టె తెరిచి ఆవిడ రొట్టె ముక్క నేను నోట్లో వేసుకున్నాను. ఆవిడ కప్పు కూడా నేనే తాగేసి ఇంటికి పోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు భోజనం చాలా రుచిగా ఉంది.

"పెద్దమ్మ ఎలా ఉంది?" వడ్డిస్తూ అడిగింది మా ఆవిడ.

"గుండ్రాయిలా ఉంది" అన్నాను.

సాయంత్రం పాస్టరు గారికీ అబద్ధమే చెప్పాను. ముగ్గురికీ ఇచ్చానయ్యగారూ అని.

బుధవారం తెల్లవారేసరికి పెద్దమ్మ పోయింది.

సమాధి దగ్గర పాస్టరు గారు అందరికీ వినబడేలా చెప్పారు, మన సహోదరి ఆఖరి ఆదివారం కూడా బల్లలో పాలుపొంది నెమ్మదిగా వెళ్ళింది, అందుకు దర్జీ పెద్దగారికి వందనాలు అని. అందరూ నా వైపు చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దమ్మకి ఒక్కతే కూతురు, తల్లితోనే ఉండేది, ఆసుపత్రిలో నర్సు. ఆ పిల్ల వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అంత వానలో, ఆ మోకాళ్ళతో అన్ని మెట్లెక్కి వచ్చారు అన్నయ్యా. ఎలా మర్చిపోతాను?"

ఆ ఆదివారం డ్యూటీలో ఉండి ఉంటుంది, పాస్టరు గారి మాట నమ్మి అంటోందనుకున్నాను. అక్కడే చెప్పేయాల్సింది. తల ఊపి చేతులు విడిపించుకున్నాను.

ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలుసు. గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగిపోయేవాణ్ణి. గడియ తీయించిపెట్టుకుని, తలుపు వైపు చూస్తూ, నా అడుగుల చప్పుడు కోసం ఆవిడ ఎంతసేపు కూర్చుందో అని. నా కడుపు కోసం ఒక ముసలి ప్రాణి ఆఖరి కోరిక మింగేశాను. దేవుడు క్షమిస్తాడని ఎంతమందికో చెప్పినవాణ్ణి, మోకాళ్ళ మీద పడితే ఒక్క మాట రాలేదు.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. వాన లేదు గానీ మబ్బు కమ్మి, మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. ఈసారి రెండు కప్పులే నింపాను. రెండిళ్ళూ అయ్యాక తిన్నగా నర్సు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. పెద్దరికం పోతే పోనీ అనుకున్నాను.

మాస్టారికి ఇచ్చి డ్రైవరు ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి అతను మొహం ముడుచుకున్నాడు.

"ఇందాక కిటికీలోంచి పిలిస్తే పలక్కుండా పోయారేం పెద్దగారూ?"

"నేనా? ఎప్పుడు?"

"ఓ పది నిమిషాలవుతుంది. చేతిలో పెట్టె కూడా ఉందిగా."

మందుల మత్తులో ఉన్నాడనుకున్నాను. అతనికి రొట్టె, కప్పు ఇచ్చి, ఖాళీ పెట్టెతో మేడ దగ్గరికి వెళ్ళాను.

మెట్ల మీద వెలుతురు లేదు. గోడ పట్టుకుని ఎక్కుతుంటే చేతికి చెమ్మ తగిలింది. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పటి వాసన. మొదటి అంతస్తు దాటాక ఆ వాసన కింద ఇంకోటి... పుల్లగా, పులిసిపోయిన ద్రాక్షపళ్ళలా.

పైన ఎవరో ఎక్కుతున్నారు.

నేను ఆగాను. ఆ అడుగులూ ఆగాయి. నేను కదిలితే అవీ కదిలాయి. కుడికాలు వేసి ఎడమకాలు ఈడుస్తున్నట్టు... నా నడక అదే.

మూడో అంతస్తులో తలుపు తీసిన చప్పుడయింది. "రండి అన్నయ్యా" అంది నర్సు గొంతు.

ఎవరో చుట్టాలు కాబోలని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నేను చెప్పాల్సింది పదిమందిలో చెప్పే మాట కాదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక వెళ్దామని రెండో అంతస్తు మెట్టు మీద కూర్చున్నాను. పావుగంట చూశాను. ఉన్నది ఆ ఒక్క మెట్లదారే. ఎవరూ దిగలేదు.

పైకి వెళ్ళాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. నర్సు ఒక్కతే కుర్చీలో కూర్చుని రుమాలుతో పెదవులు తుడుచుకుంటోంది.

"ఏమైనా మర్చిపోయారా అన్నయ్యా?"

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ధైర్యమూ లేదు. నెలరోజులుగా దాచుకున్న మాట బయటపడిపోయింది.

"అమ్మా, ఆ రోజు నేను రాలేదు. మీ అమ్మకి బల్ల ఇవ్వలేదు. మెట్లెక్కలేక ఆ రొట్టె నేనే తినేశాను. అందరికీ అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల నవ్వింది.

"అదేం మాట? తలుపు తీసింది నేనే కదా. అమ్మ నోట్లో రొట్టె మీరే పెట్టారు. ఒక్క మాటా మాట్లాడలేదు మీరు. తడిసిపోయారని టీ ఇస్తే ముట్టుకోలేదు."

ఆ వేళకి నేను మా ఇంట్లో భోజనం చేస్తున్నాను.

"మరి... ఇప్పుడు?"

"ఇప్పుడు నాకూ పెట్టారుగా." ఆమె పెదవుల మీద ఇంకా నల్లటి తడి ఉంది. "ఇవాళ కూడా మాట్లాడలేదేం? పెట్టెలో ఇంకో కప్పు ఉంటే ఎవరికని అడిగాను. మీరు కిటికీ తీసి... మీ ఇంటి వైపు చూపించారు."

ఫోన్ తీసి మా ఆవిడకి చేశాను. మోగింది. మోగింది. ఎత్తింది.

"హలో... ఎవరండీ?" గుసగుసగా అంది.

"నేనే! విను, ఏమీ తినకు..."

"సరిగ్గా వినపడ్డం లేదండీ. మా ఆయన ఫోన్ మీకు దొరికిందా? పారేసుకున్నట్టున్నారు. ఆయన ఇప్పుడే వచ్చారు, పెట్టె తెరుస్తున్నారు. ఒక్క నిమిషం ఉండండి, ప్రార్థన అయ్యాక మాట్లాడతాను."

అరిచాను. పేరు పెట్టి అరిచాను. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది గానీ కట్ చెయ్యలేదు. బల్ల మీద కప్పు ఆనించిన చప్పుడు వినిపించింది. తర్వాత మా ఆవిడ మెల్లగా ఆమేన్ అంది.

ఆ వెంటనే ఇంకెవరో కూడా ఆమేన్ అన్నారు. ఒక్క గొంతు కాదు. మా గదిలో నలుగురు నిలబడితే ఇరుకు... ఆ ఆమేన్ మాత్రం చర్చి నిండినప్పటి ఆమేన్.