పదో పేజీ మీది నొక్కులు

వంతెన లాంతర్లు కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు. ఆ వరదలో ఒక పెద్ద కంపెనీ గోదాములు మునిగాయి. డైరెక్టర్లకు తెల్లారేసరికి తెలిసింది. చడీచప్పుడు లేకుండా తమ వాటాలు అమ్ముకున్నారు. మిగతా వాటాదారులకు చెప్పింది నలభై రోజుల తర్వాత. అలాంటివి ఆపడానికే కొత్త చట్టం రాబోతోంది. దాని బిల్లు అచ్చువేస్తున్న ప్రెస్సు నుంచే ఒకామె డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది.

ఆ డిటెక్టివ్‌ను వీధిలో పొడిమాటలాయన అంటారు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. మిగతావి ఆయన మేనకోడలు పూరిస్తుంది. మామయ్య మౌనమంటే ఆమెకు భక్తి.

వచ్చినామె ప్రూఫ్ రీడరు. ముప్పై ఏళ్ల సర్వీసు. కుర్చీ అంచున కూర్చుంది.

"బిల్లులో పదకొండో క్లాజు లేదు బాబూ. నేనే వదిలేశానంటున్నారు. ఉద్యోగం పోతే పోనీ, లంచం తిందంటున్నారు. ఆ మాట ఎలా మొయ్యను?"

"ఏముంది అందులో?" మేనకోడలు అడిగింది.

"నష్టం తెలిసిన రోజే అందరికీ చెప్పాలి. చెప్పకముందు డైరెక్టర్లు వాటాలు అమ్మితే జైలు. అక్షరం అక్షరం చదివానమ్మా."

"జతగా చదివేవాళ్లు?" అన్నాడు పొడిమాటలాయన.

"అసలు ప్రతి పైకి చదివే జతమనిషిని వరద తర్వాత మాన్పించేశారు. అందుకే కన్ను జారకుండా వరస వరసకీ చివర పెన్సిలుతో టిక్కు పెడతాను. గట్టిగా."

మామా మేనకోడలూ ప్రెస్సుకు వెళ్లారు. మేనేజరు తెల్ల చొక్కా మనిషి. బల్లమీద ఆ మునిగిన కంపెనీ వార్షిక నివేదికల నమూనా అట్టలు నిగనిగలాడుతున్నాయి.

"పెద్దావిడకి చూపు ఆనట్లేదండీ. జాలిపడి ఉంచాం."

"మీరే మార్చి ఉండొచ్చుగా?" అంది మేనకోడలు.

"నేను ఆఫీసు మనిషిని తల్లీ. సీసం అక్షరాల మొహం ఎరగను. అక్షరాలు పేర్చే కంపోజిటరు బిల్లు అచ్చుకెళ్లిన రోజు జ్వరంతో రాలేదు. ఆవిడ పేజీపేజీకీ సంతకం పెట్టిచ్చిన ప్రూఫు నా బీరువాలోనే ఉంది."

పొడిమాటలాయన పక్కనున్న కుప్పలోంచి నాలుగు వరసల అక్షరాల దిమ్మ తీసి కిటికీలో పెట్టబోయాడు.

"అక్కడొద్దండీ, అది శిక్షల భాగం, పద్నాలుగో పేజీ" అంటూ మేనేజరు అందుకున్నాడు.

తర్వాత బీరువాలోంచి ఆ ప్రూఫు తీయించి, పదో పేజీ అంచున బొటనవేలితో తడిమాడు పొడిమాటలాయన. తొమ్మిదో పేజీలో వరసలు ఎడంఎడంగా ఉన్నాయని మేనకోడలికి తోచింది.

సాయంత్రం న్యాయశాఖ అధికారినీ, కంఠానికి మఫ్లరు చుట్టుకున్న కంపోజిటరునీ అక్కడికే పిలిపించారు. ప్రూఫ్ రీడరు తలుపు దగ్గరే నిలబడింది.

"పదో పేజీ వెలుగుకి వాలుగా పట్టుకోండి" అన్నాడు పొడిమాటలాయన.

అధికారి లెక్కపెట్టాడు. "చిన్న నొక్కులు. ముప్పై రెండు."

"తొమ్మిదో పేజీలో టిక్కులు?"

"ఇరవై నాలుగు."

మేనకోడలు అందుకుంది. "పై కాగితం మీద గట్టిగా పెట్టిన టిక్కు కింది కాగితంలో దిగుతుంది. ఈవిడ చదివిన పేజీలో ముప్పై రెండు వరసలున్నాయి. ఎనిమిది తర్వాత పీకేశారు. ఖాళీ కనపడకుండా సందులు పెంచి, కొత్త ప్రూఫు తీసి, ఈవిడ టిక్కులూ సంతకమూ దించారు."

పొడిమాటలాయన పొద్దున్నటి దిమ్మే అధికారి చేతిలో పెట్టాడు. "చదవండి."

"అంతా తిరగబడి ఉంది. అద్దంలో చూసినట్టు. ఒక్క ముక్క తెలియడం లేదు."

"మొహం ఎరగనన్న మనిషి పొద్దున ఒక్క చూపులో చదివాడు."

గదిలో అందరూ మేనేజరు వైపు తిరిగారు. కంపోజిటరు దగ్గి అన్నాడు: "నాకు పని నేర్పింది ఆయనేనండీ. ఎవరూ అడగలేదని చెప్పలేదు."

మేనేజరు చొక్కా చేతులు సర్దుకున్నాడు. "ఆ కంపెనీవాళ్లు ఐదేళ్ల నివేదికల అచ్చు మనకే ఇస్తామన్నారు. నలభై మందికి పని. ఎనిమిది వరసలేగా."

ప్రూఫ్ రీడరు ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆ ఎనిమిది వరసల కోసమే కదయ్యా మిగతా బిల్లంతా. తెలిసినవాళ్లు బయటపడాలి, తెలియనివాళ్లు మునగాలి, అంతేనా? జతమనిషిని తీసేసింది మీరు. నన్ను ఒంటరిదాన్ని చేసి, నేరం నా కళ్ల మీదకి తోశారు."

అధికారి ఫోను అందుకున్నాడు. మేనేజరును పోలీసులు తీసుకెళ్లారు. కంపోజిటరు మఫ్లరు విప్పి ఆ ఎనిమిది వరసలూ మళ్లీ పేర్చడానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పొడిమాటలాయన మళ్లీ ప్రెస్సుకు వెళ్లాడు. ప్రూఫ్ రీడరుకు ఎదురుగా, రెండేళ్లుగా ఖాళీగా ఉన్న స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు. అసలు ప్రతి చేతిలోకి తీసుకుని పైకి చదివాడు: "పదకొండు. చుక్క. నష్టం సంగతి తెలిసిన రోజునే, కామా..." ఎనిమిది వరసలూ అయ్యేదాకా ఆగలేదు. ఎనిమిది టిక్కులు పడ్డాయి.

"మళ్లీ?" అన్నాడు.

"మళ్లీ" అందామె.

గొంతు సవరించుకుని మొదటినుంచీ చదివాడు.