సమదర్శి స్కోరు

రిహార్సల్ మధ్యలో ఎర్రలైటు వెలిగింది. నటులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. స్టేజి పైకప్పుకి బిగించిన ‘సమదర్శి’ లెక్క తేల్చింది: నూటికి యాభై ఎనిమిది.

భార్య వేషంలో ఉన్న సత్యవేణి తలెత్తి ఆ అంకె వైపు చూసింది. డెబ్భై దాటని నాటకానికి ఇప్పుడు కాకినాడలో ఏ హాలూ దొరకదు.

సమదర్శిలో మాయేమీ లేదు. ఆరు కెమెరాలు, నాలుగు మైకులు, వాటి వెనక ఒక ప్రోగ్రాం. స్టేజి మీద ఏయే వర్గాల మనుషులున్నారు, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, ఎవరు ఎవరి మాటకి అడ్డొచ్చారు, అన్నీ కొలుస్తుంది. స్కోరు పెరగాలంటే ఏం మార్చాలో దర్శకుడికి రిపోర్ట్ పంపుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ నస్రీన్ ముందు వరసలో కూర్చుని ఏదో రాసుకుంటోంది.

నాటకం మగ అహంకారం గురించి. అందులో భార్య కథ సత్యవేణిదే. మొగుడు బండి స్టాండు వేసే చప్పుడుని బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో తెలుసుకోవడం, విరిగిన మణికట్టు చూపించి బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకి చెప్పడం... ఇవన్నీ ఒక్క గంగాధరానికే చెప్పుకుంది. పద్దెనిమిదేళ్లుగా కలిసి నాటకాలాడినవాడు. “రాసుకోనా చెల్లెమ్మా? వేషం మాత్రం నువ్వే వెయ్యాలి,” అన్నాడు. భర్త వేషం ఆయనది, దర్శకత్వమూ ఆయనదే.

రెండ్రోజుల తర్వాత గంగాధరం కొత్త స్క్రిప్టుతో వచ్చాడు. భార్య ఒకరు కాదు, నలుగురు. చేపలమ్మే ఆమె, ఉర్దూ టీచరు, వీల్‌చెయిర్‌లో తిరిగే బ్యాంకు ఉద్యోగిని, ట్రాన్స్ మహిళ అయిన గాయని.

“బావుందన్నయ్యా. వీళ్ల కష్టాలూ రావాలి. మరి నేను?”

ఆయన తల దించుకున్నాడు. “నీలాంటి గృహిణి పాత్రలు ఇప్పటికే ఎక్కువైపోయాయట. నిన్ను తీసేస్తేగానీ స్కోరు రాదంటోంది మెషీను. నా చేతుల్లో ఏముంది చెప్పు?”

సత్యవేణి ఏడవలేదు. ఆ నలుగురికీ తనే నేర్పింది. దెబ్బ పడకముందే భుజం ఎలా ముడుచుకుపోతుందో చేసి చూపించింది. తన మాటలు తలా నాలుగు పంచింది.

ప్రదర్శన రోజు గ్రీన్‌రూంలో చీరలకి పిన్నులు పెడుతుంటే నస్రీన్ వచ్చింది.

“మీరు మేకప్ వేసుకోలేదేం సత్యవేణి గారూ?”

“మీ మెషీనే కదా మేడం నన్ను తీసేసింది.”

నస్రీన్ ముఖం మారిపోయింది. టాబ్లెట్ తెరిచి రిపోర్ట్ చూపించింది. అందులో రెండు దారులున్నాయి. మొదటిది: ఆ నలుగురినీ చేర్చి, భర్త డైలాగులు సగానికి తగ్గించడం. భార్య ఉండొచ్చు. స్కోరు ఎనభై నాలుగు. రెండోది: ఆ నలుగురినీ చేర్చి, భర్తను అలాగే ఉంచి, భార్యను తీసేయడం. స్కోరు డెబ్భై ఒకటి.

సత్యవేణి పిన్నుల డబ్బా కింద పెట్టి, గంగాధరం గదికి వెళ్లింది. ఆయన అద్దం ముందు మీసం అతికించుకుంటున్నాడు.

“మొదటి దారి నాకెందుకు చెప్పలేదన్నయ్యా?”

చెయ్యి ఆగింది. “ఆ డైలాగులు తగ్గిస్తే నాటకం నిలబడదమ్మా. జనం వచ్చేది ఆ మొగుణ్ని చూడ్డానికి.”

“నన్ను కొట్టిన మనిషిని చూడ్డానికి.”

“ఇప్పుడు గొడవ చెయ్యకు,” అన్నాడాయన గొంతు పెంచి. “అవతల బెల్లు కొట్టేశారు!”

ఆ గొంతుకి సత్యవేణి భుజం తనంతట తనే ముడుచుకుపోయింది. అది చూసి కూడా ఆయన స్టేజి వైపు నడిచాడు.

నాటకానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సత్యవేణి అప్పటికి బస్సులో ఉంది.

నస్రీన్‌కి ఆ తర్వాత నిద్రపట్టలేదు. నెల తిరక్కుండా సమదర్శిలో కొత్త గడి చేర్చింది: ‘ఈ కథ ఎవరి జీవితం నుంచి వచ్చింది?’ కెమెరాలకి అది తెలిసే దారి లేదు కాబట్టి, ఆ గడి నింపే పని దర్శకుడికే అప్పగించారు.

గంగాధరం తన పేరు రాశాడు. స్కోరు ఐదు పెరిగింది.