భయంలో వాటా

ఆదివారం పొద్దున్నే బస్సు డ్రైవరు తన భార్యను స్టూలెక్కించి ఫ్యూజు మార్చడం నేర్పిస్తున్నాడు. నిన్న నీళ్ల మోటారు, మొన్న బ్యాంకు కార్డు. ఇన్నేళ్లూ ఇంట్లో బల్బు కూడా ఆమెను ముట్టుకోనివ్వని మనిషి.

"నన్ను కరెంటు పనికి పంపుతారా ఏమిటండీ?" అని నవ్విందామె.

"నేర్చుకుంటే తప్పేముంది?" అన్నాడే గాని, మొహంలోకి చూడలేదు.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే కూతురు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఇక ఆగలేకపోయింది. "చాలు నాన్నా. అమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

తల్లి స్టూలు దిగింది. "ఏం చెప్పాలి?"

చెప్పక తప్పలేదు. డ్రైవర్లకు ఏటా చేసే పరీక్షల్లో ఈసారి అతని రక్తంలో పీఎస్ఏ బాగా ఎక్కువగా ఉందని తేలింది. ప్రోస్టేట్ గ్రంథిలో తేడా ఉంటే అది పెరుగుతుందట. నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం సాఫీగానే వస్తోంది. అదే అతన్ని మరింత భయపెట్టింది. చనిపోయిన అన్నయ్యకూ ఏ బాధా లేకుండానే మొదలై, చివరకు క్యాన్సరని తేలింది. గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రోజు కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఇంట్లో మాత్రం డిపోలో పనుందన్నాడు.

"నీకు చెబితే బెంగ పెట్టుకుంటావని..." అతను నసిగాడు. "అన్నయ్య సంగతి బయటపడ్డాక వదిన ఎలా చిక్కి సగమైందో చూశాం కదా. ఆవిడ మనసు దిటవు లేని మనిషి. నిన్ను అలా చూడలేను."

ఆమె గొంతు పెంచలేదు.

"అక్కయ్య జబ్బుకు బెదిరి చిక్కిపోలేదండీ. బావగారు ఆఖరి దాకా దాచారని చిక్కిపోయింది. పక్కన పడుకున్న మనిషి అంత మోస్తుంటే నాకు తెలియలేదే అని నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. భయపడతానని దాచారా? భయపడనివ్వండి. అన్నీ చెరిసగం పంచుకుని, ఇదొక్కటీ మీరే ఉంచుకుంటారా?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు భయంగా ఉందే," అన్నాడు. పెళ్లయ్యాక అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఫలితం వచ్చే రోజు ముగ్గురూ కలిసే వెళ్లారు.

"తీసిన ముక్కలో క్యాన్సరు కనిపించలేదు," అంది డాక్టరమ్మ. "గ్రంథిలో వాపుంది. కొందరికి అది పైకి ఏ లక్షణమూ లేకుండానే ఉంటుంది. దానివల్ల కూడా పీఎస్ఏ పెరగొచ్చు. ఇప్పుడు మందులు అక్కర్లేదు. అలాగని వదిలేయకూడదు, కొన్ని నెలలాగి మళ్లీ రక్తం చూద్దాం."

"అప్పుడూ ఎక్కువొస్తే?" భార్య అడిగింది.

"మళ్లీ వెతుకుతాం. మీరూ రండి."

బయటికొచ్చాక అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. కళ్లు తుడుచుకోబోయి మానేశాడు. "వదినను పిరికిదనుకున్నాను. అన్నయ్య పోయాక ఆ గడప కూడా సరిగా తొక్కలేదు."

"అయితే ఇంటికెందుకు? అటే పదండి," అంది భార్య.

వదిన తలుపు తీసి తెల్లబోయింది. అతను చెప్పులైనా విప్పకుండా జరిగిందంతా, తన భయంతో సహా, పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆమె కదలకుండా వింది. తర్వాత మరిది భుజం మీద చెయ్యి వేసింది.

"చెప్పావు. అదే పదివేలు నాయనా," అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న కన్నీళ్లు ఆమె చెంపల మీదుగా జారాయి.