తుప్పు మేకుల ఫైలు

అస్మా అరబిక్ క్లాసు నుంచి వచ్చేసరికి షాపులో కంప్యూటర్ ముందున్న కుర్చీ ఇంకా కొద్దిగా తిరుగుతూనే ఉంది. కుర్చీలో మాత్రం ఎవరూ లేరు.

"భాను పోయిందా నాయనా?"

"ఇప్పుడే పోయె," అన్నాడు ఖాజా మొహిద్దీన్ బయటి నుంచి. ఆయన పీట మీద నిలబడి ఒక బొగ్గు లారీ వెనుక ఎర్ర రేడియం స్టిక్కర్ అంటిస్తున్నాడు. ముత్తుకూరులో ఆయనది స్టిక్కర్ల షాపు. పోర్టుకు వెళ్లే లారీల నంబర్లు కంప్యూటర్లో గీసి, మిషన్‌తో కోసి, లారీలకు అంటిస్తాడు.

అస్మా కుర్చీలో కూర్చుని ఫోల్డర్ తెరిచింది. అందులో వందల ఫైళ్లున్నాయి. అన్నీ లారీ నంబర్లే. అయితే కొత్తగా మార్చిన ఫైలు ఎప్పుడూ అన్నిటికంటే పైన కనిపిస్తుంది. నిన్న 'తుప్పు మేకులు' ఫైలు పైనే ఉంది.

ఇవాళ లేదు.

ఆమె కిందికి రెండుసార్లు జరిపి చూసింది. లారీలు, లారీలు, లారీలు. రీసైకిల్ బిన్ తెరిచింది. అక్కడా లేదు.

సరే, ఫారం అయినా చూద్దామని సైన్స్ ఎగ్జిబిషన్ వెబ్‌సైట్ తెరిచింది. ఆ పేజీ రాలేదు. తెర మీద ఒక ఎర్ర గుర్తు వచ్చింది. ఈ కనెక్షన్ సురక్షితం కాదని కింద రాసి ఉంది.

ఒకే రోజు ఫైలు, వెబ్‌సైట్ రెండూ పోవటం అస్మాకు మామూలు విషయంగా అనిపించలేదు. తను అరబిక్ క్లాసులో ఉన్న గంటసేపూ ఇక్కడ ఒంటరిగా కూర్చున్నది ఒక్కరే. ఆ ఒక్కరూ నిన్న సోమవారం నుంచే షాపుకు వస్తున్నారు. పైగా వచ్చేటప్పుడు ఒక నీలం పెన్‌డ్రైవ్ తెస్తున్నారు.

అస్మా బ్యాగులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంది. 'సోమవారం: భాను వచ్చింది. మంగళవారం: భాను వచ్చింది. ఫైలు పోయింది. వెబ్‌సైట్ పోయింది.' భాను అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

భానుప్రియ ఈ సంవత్సరమే వాళ్ల క్లాసులో చేరింది. వాళ్లది సముద్రానికి దూరంగా ఉండే సంగం. నాన్నకు పోర్టులో ఉద్యోగం రావటంతో ముత్తుకూరుకు వచ్చారు. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. సముద్రపు గాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలుసుకోవటం వాళ్లిద్దరి ప్రాజెక్టు. ముత్తుకూరులో మూడు మేకులు అస్మా ఆరుబయట పెట్టింది. సంగంలో మూడు మేకులు భాను తాత పద్మనాభయ్య తన పొలం గట్టున పెట్టాడు. ఇరవై ఒక్క రోజులు రోజూ ఎన్ని మిల్లీమీటర్ల తుప్పు పట్టిందో కొలిచి రాశారు. శనివారం సాయంత్రం ఐదు లోపల ఫైలును వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫారంలో ఎవరి పేర్లుంటే వాళ్లే నెల్లూరు ఎగ్జిబిషన్‌కు వెళ్తారు.

*

బుధవారం పొద్దున బడి గేటు దగ్గరే అస్మా భానును ఆపింది.

"నిన్న ఫైలు ఏం చేసినావు?"

"టేబుల్ అంతా కొట్టి సేవ్ చేసినా."

"సేవ్ చేస్తే ఉండాల కదా. లేదే."

"లేదా?" భాను ముఖం చిన్నబోయింది. "నేను సాయంత్రం వచ్చి చూస్తా. యాడో ఉంటది."

"వద్దులే. నువ్వు చూసింది చాలు."

ఆ ముఖం చిన్నబోవటాన్ని కూడా అస్మా తప్పు చేసినవాళ్ల ముఖంగానే లెక్కవేసుకుంది. మొదటి పీరియడ్‌లో పక్కనున్న ఇర్ఫానా చెవిలో చెప్పింది.

"భాను పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంది. మా కంప్యూటర్ పాడు చేసింది. ఎవురికీ చెప్పబాకు."

ఇర్ఫానా ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఇంకొకరికి చెప్పారు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి క్లాసంతా తెలిసిపోయింది. అన్నం తిన్నాక కంప్యూటర్ ల్యాబులో భాను కుర్చీ లాక్కుంటుంటే వెనుక నుంచి మధుబాబు అన్నాడు.

"సార్, వైరస్ భాను వచ్చింది. మాస్కు పెట్టుకోవాలా?"

అందరూ నవ్వారు. ల్యాబు చూసుకునే నరేంద్రబాబు సార్ నవ్వలేదు. విషయమేమిటని అడిగారు. నలుగురు ఒకేసారి చెప్పారు.

"అట్టయితే ఈ వారం భాను కంప్యూటర్ ముట్టుకోవద్దు," అన్నారు సార్. "ఆ పెన్‌డ్రైవ్ సంగతి నేను తర్వాత చూస్తా. అందాకా బెంచీ మీద కూర్చోమ్మా."

భాను బెంచీ మీద కూర్చుంది. పీరియడ్ పూర్తయ్యేదాకా తన గోళ్లు చూసుకుంటూ ఉండిపోయింది. అస్మా రెండుసార్లు తల తిప్పి చూసింది. తప్పు చెయ్యకపోతే చెయ్యలేదని గట్టిగా చెప్పొచ్చు కదా అనుకుంది.

బడి వదిలాక అస్మా సైన్స్ చెప్పే ఎలిశబెతు టీచర్ దగ్గరకు వెళ్లింది.

"టీచర్, ప్రాజెక్టు ఫారంలో నా పేరు ఒకటే పెట్టుకుంటా."

"ఎందుకు?"

"భాను ఫైలు పోగొట్టింది. కంప్యూటర్ పాడు చేసింది."

"నువ్వు చూసినావా?"

"రుజువు తెస్తా టీచర్."

"శనివారం ల్యాబులో ఫారం పంపించేది నా ముందరే. రుజువు ఉంటే ఆ పేరు తీసేద్దాం. లేకుంటే తీసేది లేదు."

*

రుజువు కోసం అస్మా ఒక ఏర్పాటు చేసింది. ఆ సాయంత్రం కంప్యూటర్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తన దగ్గరున్న కాగితాలు చూసి టేబుల్ మళ్లీ మొదటి నుంచి టైపు చేసింది. సగమైంది. 'అస్మా మేకులు' అని పేరు పెట్టి సేవ్ చేసింది. ఇక భాను ముట్టుకోలేదు కనుక ఫైలు పోదు. ఫైలు పోకపోతే, పోగొట్టింది భాను అని తేలినట్టే.

గురువారం సాయంత్రం ఫోల్డర్ తెరిచింది.

'అస్మా మేకులు' లేదు.

"నాయనా, భాను వచ్చిందా?"

"రాలేదు. నువ్వు వద్దంటివంట కదా."

"జేజీ, నువ్వు చూసినావా? ఎవురన్నా వచ్చినారా?"

షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న నాయనమ్మ జాన్‌బీ అద్దాలు సర్దుకుంది. "లారీవోళ్లు వచ్చినారు. టీలు తాగినారు. కంప్యూటర్ కాడికి ఎవురూ రాలా. ఏం మే, పోలీసు మాదిరి అడుగుతా ఉండావు?"

అస్మా నాయననూ అనుమానించింది. పాత ఫైళ్లు తీసేస్తూ పొరపాటున తీసేశాడేమో. ఆయన తాను ఒక్క ఫైలు కూడా తీయలేదన్నాడు. నోటుబుక్కు తెరిచి 'గురువారం' అని రాసింది. దాని పక్కన రాయటానికి పేరు దొరకలేదు.

పాస్‌వర్డ్ భానును పట్టించటానికి పెట్టింది. అది భాను రాలేదని మాత్రమే చెబుతోంది.

*

శుక్రవారం సాయంత్రం మహాలక్ష్మి అక్క వచ్చింది. చుట్టుపక్కల షాపుల్లో కంప్యూటర్లు బాగుచేసేది ఆమే. స్కూటీ మీద నుంచి సంచి తీసుకుని లోపలికి వస్తూనే అడిగింది.

"ఏంది సమస్య?"

"ఎవురో ఫైళ్లు తీసేస్తా ఉండారక్కా. సోమవారం నుంచి మా క్లాసు అమ్మాయి వస్తా ఉంది. ఆ పెన్‌డ్రైవ్‌లో..."

"ఎవురని నేను అడగలా. ఏంది అని అడిగినా."

"ఫైలు సేవ్ చేస్తే మర్నాడు కనపడలా. వెబ్‌సైట్ తెరుచుకోలా."

"ఆ రెండూ ఎప్పటి నుంచి?"

"మంగళవారం."

"వెతుకు అని ఒక గడి ఉంది చూడు. దాంట్లో ఫైలు పేరు కొట్టినావా?"

అస్మా తల అడ్డంగా ఊపింది. పైన లేకపోతే లేనట్టే అనుకుంది. అక్క 'మేకులు' అని కొట్టమంది. కొట్టగానే తెర మీద రెండు పేర్లు వచ్చాయి. 'తుప్పు మేకులు', 'అస్మా మేకులు'.

"ఉండాయి కదా," అంది అక్క. "ఇప్పుడు పక్కన తేదీ చదువు."

"జనవరి ఒకటి, రెండు వేల తొమ్మిది." అస్మా మళ్లీ చదివింది. రెండో ఫైలుకూ అదే తేదీ ఉంది.

"అప్పటికి నువ్వు పుట్టినావా?"

"లేదక్కా."

"పుట్టకముందే టైపు కొట్టినావు. గట్టిదానివే." అక్క నవ్వి, తెర కింద మూలనున్న గడియారం చూపించింది. అక్కడా అదే తేదీ. "కంప్యూటర్ పదహైదేండ్లకు పైగా వెనక్కి పోయి కూర్చుంది. అందుకని నువ్వు ఇప్పుడు సేవ్ చేసేది దానికి అన్నిటికన్నా పాత ఫైలు. వందల లారీల కిందికి పోయింది. కిందాకా దిగి చూసింటే కనపడేది."

"మరి వెబ్‌సైట్?"

"ప్రతి వెబ్‌సైట్ కాడ ఒక గుర్తింపు కార్డు ఉంటది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని దాని మీద ఉంటది. ఈ కంప్యూటర్‌కేమో ఆ తేదీ ఇంకా రాలా. కార్డు దొంగదేమో అని అనుమానపడి లోపలికి రానీలా. కార్డు మంచిదే. తప్పు దీని గడియారంలో ఉంది."

అస్మా లేచి కుర్చీ పక్కకు జరిపింది.

అక్క కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పెట్టె పక్క రేకు విప్పింది. లోపల ఊరి పక్కనున్న థర్మల్ విద్యుత్ ప్లాంటు బూడిద సన్నగా పేరుకుని ఉంది. కుంచెతో దులిపి, రూపాయి బిళ్లంత బ్యాటరీని బయటికి తీసింది. "ఇది ఎప్పుడో అయిపోయింది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతకాలం గడియారం ఆ కరెంటుతో నడుస్తది. కరెంటు లేకపోతే ఈ బిళ్ల నడపాల. అన్నా, రాత్రిపూట కరెంటు తీసేస్తా ఉండారా?"

"లేదే. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది," అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"నేను తీసేస్తా ఉండా," అంది బయటి నుంచి జాన్‌బీ. "సోమారం పక్క కూల్‌డ్రింక్ షాపులో బోర్డు చిటచిటమని పొగ వచ్చె. ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టిందంట. ఆ పొద్దు నుంచి నువ్వు షట్టర్ దించేలోపల మెయినూ ఇన్వర్టరూ రెండూ ఆపేస్తా. ఇల్లు కాలినాక ఏడిస్తే ఏం లాభం?"

అస్మా నోటుబుక్కు వైపు చూసింది. సోమవారం భాను వచ్చింది. అదే సోమవారం జేజి మెయిన్ ఆపింది. ఆ రెండూ ఒకే రోజు జరిగాయి. తాను ఒకటే రాసుకుంది.

అక్క కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసింది. వెబ్‌సైట్ వెంటనే తెరుచుకుంది. 'తుప్పు మేకులు' ఫైలు కూడా తెరుచుకుంది. ఇరవై ఒక్క రోజుల లెక్క, సంగం మేకుల ఫోటోలు, అన్నీ ఉన్నాయి. పన్నెండో రోజు గడిలో అస్మా ఇచ్చిన అంకె పదకొండో రోజు కంటే తక్కువగా ఉంది. పట్టిన తుప్పు తగ్గటం కుదరదు. ఆ గడి పక్కన భాను చిన్నగా రాసి పెట్టింది.

'ఇది తప్పేమో. అస్మాను అడిగి మార్చాలి.'

*

అస్మా ఆ సాయంత్రమే రెండు వీధుల అవతలున్న భాను ఇంటికి వెళ్లింది. భాను గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"తప్పు నాది," అంది అస్మా చివరికి. "ఏమీ అనుకోబాకు."

"నాకు వచ్చి చెప్పేది ఎందుకు? నేను తీసేయలేదని నాకు తెలుసు కదా." భాను గొంతు గట్టిగానే ఉంది. "నువ్వు క్లాసులో చెప్పినావు. క్లాసులోనే చెప్పు."

తలుపు పూర్తిగా వెయ్యలేదు. కానీ లోపలికి రమ్మని కూడా అనలేదు.

షాపుకు తిరిగొచ్చాక అస్మాకు ఒక ఆలోచన తోచింది. వెబ్‌సైట్ పనిచేస్తోంది. రెండు పేర్లూ రాసి ఇప్పుడే పంపేస్తే క్లాసులో నోరు విప్పక్కర్లేదు. కాసేపు ఫారం వైపు చూసి, మూసేసింది. అలా పంపితే భాను నెల్లూరుకు వెళ్తుంది. వైరస్ భానుగా వెళ్తుంది.

శనివారం అస్మా ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో బడికి తెచ్చింది. ల్యాబులో భాను మళ్లీ బెంచీ మీదే కూర్చుంది. అస్మా లేచి నిలబడింది.

"సార్, ఒక మాట చెప్పాల. వైరస్ అని మొదట చెప్పింది నేనే. నేను చూడలా, వెతకలా. మా కంప్యూటర్లో బ్యాటరీ అయిపోయింది. భాను ఫైలు పోగొట్టలా. పని అంతా సరిగ్గా చేసింది."

"ఎవురికీ చెప్పబాకు అని నాతో అన్నావు కదమే," అని ఇర్ఫానా గొణిగింది.

"అన్నా. ఇప్పుడు అందరికీ చెప్పమని అంటా ఉండా."

నరేంద్రబాబు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను కూడా పెన్‌డ్రైవ్ చూడకుండానే బెంచీ మీద కూర్చోబెట్టినా. రామ్మా భానూ. వచ్చి ఫారం నువ్వే నింపు."

భాను వచ్చి కూర్చుంది. ఎలిశబెతు టీచర్ వెనుక నిలబడ్డారు. బటన్ నొక్కితే తెర నల్లగానే ఉంది.

"ఇది కూడా పాడైనట్టుంది," అన్నాడు మధుబాబు. "నిన్న ఇక్కడ కూర్చున్నది ఎవురు?"

పిల్లల తలలు ఇటూ అటూ తిరిగాయి. మూడు పేర్లు గాలిలోకి వచ్చాయి. భాను చేతులు కీబోర్డు మీద నుంచి వెనక్కి వచ్చాయి.

"ఎవురైతే ఏంది?" అంది అస్మా. చున్నీ నడుముకు బిగించుకుని బల్ల కిందికి దూరింది. లోపల చీకటిగా, బూడిదగా ఉంది. ముందు ప్లగ్ తడిమింది. అది గట్టిగానే ఉంది. "ఇప్పుడు చూడు భానూ."

"రాలా."

తర్వాత పెట్టె వెనుక నుంచి తెరకు పోయే వైరు పట్టుకుంది. ఒక మూల వదులుగా కదిలింది. దాన్ని లోపలికి నొక్కి, మర బిగించింది.

"ఇప్పుడు?"

బల్ల అంచు కింది నుంచి భాను ముఖం తొంగిచూసింది.

"వచ్చింది. చేతులు కడుక్కోని రా. నీ పేరు నువ్వే కొట్టుకో, బూడిద మాత్రం నా కీబోర్డుకు పూయబాకు."