ట్యాంక్‌లో మూడు చేపలు తక్కువ

శనివారం ఉదయం 7:20. ఉమాకాంత్ చేపల్ని లెక్కపెట్టాడు. ఐదు ఉండాలి. రెండే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. రెండే.

ట్యాంక్ పైన వల మూత బిగించింది బిగించినట్టే ఉంది. సోఫా జరిపి, టార్చ్ వేసి నేలంతా వెతికాడు. ఫిల్టర్ విప్పి చూశాడు. చచ్చిన చేప కాదు కదా, ఒక్క పొలుసు కూడా దొరకలేదు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ రాగిణి అదే ట్యాంక్ ముందు నిలబడింది.

రాగిణికి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంది. తర్వాత సొంతంగా లైసెన్స్ తీసుకుంది. చేపల కేసు మాత్రం ఇదే మొదటిది. ఒప్పుకోవడానికి కారణం ఒకటే. ఈ వారంలో ఆమె ఫోన్ మోగింది ఇదొక్కసారే.

ఆష్‌బర్న్‌లో ఆ ఇల్లు పెద్దది. నాలుగు బెడ్‌రూములు. గుమ్మం దగ్గర ఒక్క జత చెప్పులు. సింక్‌లో ఒక ప్లేటు, ఒక గ్లాసు. హాల్లో వెలుగంతా ఆ ట్యాంక్‌దే. ఉప్పునీళ్ళు, రాళ్ళు, అప్పుడప్పుడే అతుక్కుంటున్న చిన్న చిన్న పగడాలు.

"ఏవేవి పోయాయి?"

"రెండు ఫైర్‌ఫిష్. ఒక పసుపు గోబీ."

"మిగిలినవి?"

"రెండు క్లౌన్‌ఫిష్. నత్తలు. అదిగో, ఆ రాయి కింద క్లీనర్ ష్రింప్."

రాగిణి వంగి చూసింది. రాతి సందులోంచి రెండు పొడవాటి తెల్ల మీసాలు బయటికి కదులుతున్నాయి. మనిషి చూపుడు వేలంత పొడవు. రొయ్య ఒళ్ళు మాత్రం కనబడటం లేదు.

"మూడు చేపల కోసం డిటెక్టివ్ ఎందుకండీ?"

ఉమాకాంత్ డేటా సెంటర్‌లో ఇంజినీర్. నలభై ఆరేళ్ళు. విడాకులై రెండేళ్ళు.

"మా అమ్మాయి నైనిక శనివారం వస్తోంది. సియాటిల్‌లో వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. పన్నెండేళ్ళు. ఈ ట్యాంక్ దానిది. ఐదు నెలలు వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కొక్కటీ అదే సెలెక్ట్ చేసింది."

ట్యాంక్ కింద క్యాబినెట్ తలుపు తెరిచాడు. లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. గుండ్రటి అక్షరాలు. ఏది ముందు వేయాలి, ఏది ఆఖర్న వేయాలి, ఏది ఎంత పెరుగుతుంది, దేని నోట్లో ఏది పడుతుంది.

"నాకు పెద్ద నీలం చేప ఒకటి నచ్చింది. వద్దంది. 'రంగు చూసి కొనొద్దు నాన్నా, పక్కవాళ్ళతో పడుతుందా లేదా చూడాలి' అంది." అతను నవ్వబోయి మానేశాడు.

రాగిణి కాగితాన్ని ఫోటో తీసింది. టేపు జాగ్రత్తగా విప్పి వెనక్కి తిప్పింది. వెనక కూడా రాసి ఉంది. అదీ ఫోటో తీసింది.

"ఎవరి మీద అనుమానం?"

"జయంతి గారు. మూడిళ్ళ అవతల ఉంటారు. డేకేర్‌లో టీచర్. పోయిన సోమవారం నుంచి గురువారం దాకా నేను ఫీనిక్స్‌లో ఉన్నాను. గరాజ్ కోడ్ ఆవిడకే ఇచ్చాను. రోజూ సాయంత్రం వచ్చి మేత వేశారు."

"అడిగారా?"

"శనివారమే అడిగాను. 'ట్యాంక్‌లోంచి ఏమైనా తీశారా?' అని. తలొంచుకున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే కోడ్ మార్చేశాను."

"ఇప్పుడేం చేద్దామని?"

"శుక్రవారం పోలీస్ కంప్లయింట్ ఇస్తాను. దానికి ప్రూఫ్ కావాలి."

రాగిణి అతని వైపు చూసింది. "డేకేర్ వాళ్ళు ఏటా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. దొంగతనం కేసు కనబడితే ఉద్యోగం ఉండదు. తెలుసా?"

ఉమాకాంత్ ఫోన్ తీసి కెమెరా క్లిప్ చూపించాడు.

పోయిన మంగళవారం సాయంత్రం 6:55. జయంతి గరాజ్‌లోంచి బయటికొస్తోంది. చేతిలో మూత పెట్టిన స్టీలు డబ్బా. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నడుస్తోంది.

బుధవారం 7:05. మళ్ళీ బయటికొస్తోంది. చేతిలో మడత పెట్టిన కాగితం సంచి.

"మేత వేయడానికి రెండు నిమిషాలు చాలు," అన్నాడు ఉమాకాంత్. "గరాజ్ తలుపు ఎప్పుడు తెరిచారో యాప్‌లో టైములున్నాయి. ఆవిడ సోమవారం నలభై రెండు నిమిషాలు ఉన్నారు. బుధవారమైతే గంటన్నర!"

"లోపలికి వచ్చినప్పటి క్లిప్పులు?"

"అవి చూడలేదు. ఏం తీసుకెళ్ళారో కదా చూడాల్సింది?"

"అవి కూడా పంపండి. నైనిక తీసిన వీడియోలుంటే అవీ."

*

బుధవారం సాయంత్రం 5:30. జయంతి తలుపు సగమే తెరిచింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. డేకేర్ బ్యాడ్జి ఇంకా మెడలోనే ఉంది. రాగిణి తనెవరో చెప్పింది. జయంతి మొహం పాలిపోయింది. అయినా లోపలికి రమ్మంది. కాఫీ పెట్టింది.

ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

"మీవారు?"

"పోయి ఏడాదిన్నర అయిందండీ."

"పోయిన వారం సోమవారం ఆ ఇంట్లో నలభై రెండు నిమిషాలున్నారు. ఏం చేశారు?"

"కూర్చున్నాను."

"ఊరికేనా?"

"ఊరికే. చేపల్ని చూస్తూ." జయంతి కొంగు సర్దుకుంది. "ఇక్కడ ఇంటికొస్తే ఏదీ కదలదండీ. పొద్దున పెట్టిన చెంచా సాయంత్రానికి అక్కడే ఉంటుంది. అక్కడైతే ఏదో ఒకటి తిరుగుతూ ఉంటుంది. లేచి రాబుద్ధి కాలేదు."

రాగిణి పెన్ను కదల్లేదు. పొద్దున తాగిన కాఫీ కప్పు తన వంటింట్లో ఎక్కడుందో ఆమెకి కచ్చితంగా తెలుసు.

"మంగళవారం డబ్బాలో ఏం తీసుకెళ్ళారు?"

జయంతి కాఫీ గ్లాసుని అటూ ఇటూ తిప్పింది.

"బుధవారం సంచిలో?"

జయంతి కళ్ళు ఒక్క క్షణం కిటికీ గట్టు మీదికి వెళ్ళొచ్చాయి. అక్కడ చిన్న మట్టి కుండీ. కొత్తగా తవ్విన మన్ను. మొక్క లేదు. మట్టిలో గుచ్చిన అగరొత్తి పుల్ల ఉంది, కాలిపోయి.

"ఏం నాటారు?"

"ఏం లేదండీ." జయంతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఆ పిల్లకి తెలిస్తే నా మొహం చూడదు. అంతే చెప్పగలను."

*

ఆ రాత్రి రాగిణి వీడియోలన్నీ వరసగా చూసింది.

నైనిక క్రిస్మస్ సెలవుల్లో తీసినది ఒకటి. పిల్ల చెయ్యి నీళ్ళలో పెట్టగానే రొయ్య పరిగెత్తుకొచ్చింది. వీపు మీద నిలువునా తెల్ల గీత, రెండు పక్కలా ఎరుపు. వేళ్ళ మీదికెక్కి గోళ్ళు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. "నాన్నా, చూడూ! మానిక్యూర్ చేస్తుంది!" పిల్ల కిలకిల నవ్వింది.

తర్వాత కెమెరా క్లిప్పులు. జయంతి లోపలికి వచ్చినవి. బుధవారం 5:35 క్లిప్ దగ్గర రాగిణి ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. సంచి మీది స్టిక్కర్‌ని పెద్దది చేసింది. నీలం రంగు సముద్రపు గుర్రం.

గురువారం ఉదయం 10:15. స్టెర్లింగ్‌లో అదే బొమ్మ ఉన్న చేపల షాపు. కౌంటర్‌లో మాయ అనే అమ్మాయి ఉంది. ఇక్కడే పుట్టి పెరిగింది, పాతికేళ్ళుంటాయి. రాగిణి జయంతి ఫోటో చూపించింది.

"ఓ, ఈ ఆంటీ! గుర్తుంది. లాస్ట్ వీక్ వచ్చారు. చాలా టెన్షన్‌గా ఉన్నారు, ఆంటీ. ఒక ష్రింప్ కొన్నారు."

"ఏం చెప్పి అడిగారు?"

"ఎర్ర, తెల్ల స్ట్రైప్స్. లాంగ్ వైట్ మీసాలు. పేరు తెలీదు అన్నారు. నేను అడిగా, ట్యాంక్‌లో ఇంకా ఏం ఉన్నాయి అని. చిన్న చేపలు అన్నారు. బీ కేర్‌ఫుల్ అని చెప్పా. ఆవిడ వినలేదు అనుకుంటా. 'ఇదే, ఇదే' అన్నారు."

"ఏ ష్రింపో చూపిస్తావా?"

మాయ మూలనున్న చిన్న గాజుపెట్టె చూపించింది. అందులో ఒకే ఒక్క రొయ్య ఉంది. రాగిణి దాని ముందు చాలాసేపు నిలబడింది.

*

గురువారం సాయంత్రం ఆరింటికి ఉమాకాంత్ హాల్లో ముగ్గురూ కలిశారు. జయంతి సోఫా అంచున కూర్చుంది. ఉమాకాంత్ ఆమె వైపు చూడలేదు.

"ఉమాకాంత్ గారూ, ఆ రాయి దగ్గర నీళ్ళలో చెయ్యి పెట్టండి," అంది రాగిణి.

"ఎందుకు?"

"పెట్టండి."

మూత తీసి చెయ్యి ముంచాడు. తెల్ల మీసాలు చటుక్కున సందులోకి వెళ్ళిపోయాయి.

"నైనిక చెయ్యి పెడితే పరిగెత్తుకొచ్చిన రొయ్య ఇది. మీ చెయ్యి చూసి దాక్కుంది. ఎందుకు?"

"భయపడిందేమో."

"కొంచెం లోపలికి పెట్టండి."

ఈసారి సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. పొడవాటిది, అడ్డంగా ఎర్ర పట్టీలు, చివర కత్తెర. ఉమాకాంత్ తుళ్ళిపడి చెయ్యి లాగేసుకున్నాడు.

"ఇది క్లీనర్ ష్రింప్ కాదు. దానికి ఇంత పెద్ద కత్తెరలుండవు. గీతలు దానికి నిలువుగా ఉంటాయి, దీనికి అడ్డంగా. ఇది కోరల్ బ్యాండెడ్ ష్రింప్. తన చోటికి ఇంకో రొయ్యని రానివ్వదు. చీకటి పడ్డాక అడుగున నిద్రపోయే చిన్న చేపలు దొరికితే పట్టుకుంటుంది. ఫైర్‌ఫిష్, గోబీ లాంటివి. తినగా మిగిలిందాన్ని నత్తలూ పురుగులూ ఖాళీ చేస్తాయి. అందుకే మీకు పొలుసు కూడా దొరకలేదు. బయటికి మీసాలొక్కటే కనబడటంతో పాత రొయ్యే అనుకున్నారు."

"ఇది నా ట్యాంక్‌లోకి ఎలా వచ్చింది?"

"కాగితం సంచిలో. బుధవారం 5:35. మీరు ఆవిడ బయటికెళ్ళిన క్లిప్పులే చూశారు. లోపలికొచ్చేటప్పుడు ఆ సంచి నిండుగా ఉంది. వెళ్ళేటప్పుడు ఖాళీగా మడిచి ఉంది. చేపల్ని తీసుకెళ్ళడానికే వస్తే సంచి ఖాళీగా వచ్చి నిండుగా వెళ్ళాలి కదా?"

ఉమాకాంత్ మొదటిసారి జయంతి వైపు తిరిగాడు.

"జయంతి గారూ," అంది రాగిణి మెల్లగా, "మంగళవారం ఏం చూశారు?"

జయంతి ట్యాంక్ వైపు చూసింది. "రొయ్య చచ్చిపోయి పడుందండీ. తెల్లగా, తేలిగ్గా. మీసాలు కూడా అలాగే ఉన్నాయి. రాళ్ళన్నీ వెతికాను. ఇంకోటి కనబడలేదు. నా చేతుల్లో పోయిందనుకున్నాను. అది నైనికకి ప్రాణమని ఈయన ఎన్నిసార్లు చెప్పారో. డబ్బాలో పెట్టి తీసుకెళ్ళి కుండీలో పాతిపెట్టాను. మర్నాడు అలాంటిదే కొనుక్కొచ్చి, షాపులో చెప్పినట్టే చుక్క చుక్కగా ట్యాంక్ నీళ్ళు కలిపి అలవాటు చేస్తూ గంట కూర్చుని వేశాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను."

"అది చావలేదండీ. ఒళ్ళు పెరిగినప్పుడు రొయ్య కుబుసం విడుస్తుంది, పాము లాగే. మీసాలతో సహా. తర్వాత ఒకట్రెండు రోజులు ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి బయటికి రాదు. మీరు పాతిపెట్టింది ఖాళీ పెంకు."

జయంతి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అంటే... అసలుది బతికే ఉందా?"

"అప్పటికి ఉంది. ఇప్పుడు లేదనే అనుకుంటున్నాను. కొత్తది వచ్చేసరికి అది మెత్తగా ఉంది."

రాగిణి ఫోన్‌లో ఫోటో తెరిచి ఉమాకాంత్‌కి ఇచ్చింది. నైనిక కాగితం వెనక వైపు. 'ఎప్పటికీ వద్దు' అని ఇంగ్లీషులో రాసిన లిస్టు. మూడో పేరు ఈ రొయ్యదే.

"మీ అమ్మాయి ముందే రాసిపెట్టింది. వెనక్కి తిప్పి చూసినవాళ్ళు లేరు. ట్యాంక్ అప్పగించేటప్పుడు ఆవిడకి చూపించనూ లేదు. రొయ్యని పట్టే బాటిల్ ట్రాప్ షాపులో ఇచ్చారు. పట్టి తెచ్చిస్తే తీసుకుంటారట. మీ కేసులో దొంగతనం లేదు, ఉమాకాంత్ గారూ."

క్లౌన్‌ఫిష్ రెండూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి.

జయంతి లేచింది. "నాకు చేతకాని పని పెట్టుకున్నాను. పాపకి నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"జయంతి గారూ..."

"తీశారా అని అడిగారు బాబూ. ఏమైంది అని అడగలేదు." ఆమె చెప్పులేసుకుంది. "అలా అడిగుంటే చెప్పేదాన్నే."

తలుపు మూసుకుంది. ఉమాకాంత్ నిలబడ్డచోటే ఉండిపోయాడు.

"నా పని అయిపోయింది," అంది రాగిణి. "మిగతాది ఇన్వెస్టిగేటర్ చేసేది కాదు."

ఆమె కార్లో కూర్చుని సీట్‌బెల్ట్ పెట్టుకునేసరికి ఉమాకాంత్ బయటికొచ్చాడు. జాకెట్ లేదు. మార్చి చలి కొరుకుతోంది. మూడిళ్ళు దాటి వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు వెంటనే తెరుచుకోలేదు. అతను వెనక్కి రాలేదు. కాసేపటికి లోపల లైటు వెలిగింది.

రాగిణి కారు స్టార్ట్ చేసింది. కేసు తేలినరోజు ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందికి జరిపింది. అన్నీ క్లయింట్లు, లాయర్లు. ఫోన్ పక్కన పడేసి, కేసు రిపోర్టు కార్లోనే రాసుకుని, అరగంటకి రోడ్డెక్కింది.

రెండో సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. 6:58.

"నేనండీ, జయంతిని. ఈ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే లోపలికి పిలిచాను. ఇప్పుడే నైనికకి ఫోన్ చేసి అంతా చెప్పాం. 'ఆంటీ, నెక్స్ట్ టైమ్ నన్ను అడుగు, నేను చెప్తా' అంది. శనివారం నన్ను షాపుకి తీసుకెళ్తుందట." ఆమె ముక్కు చీదింది. "ఉప్మా చేస్తున్నాను. మీరూ రండి."

"లేదండీ. ఇంకో కేసు పనుంది."

"ఏ కేసు?"

రాగిణి ఎర్ర లైటు వైపు చూసింది.

"ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

"లేదు."

"పొద్దున్నుంచి ఏం తిన్నారు?"

"... కాఫీ."

"మరి అబద్ధం ఎందుకండీ?" అంది జయంతి. "జీడిపప్పు వేయిస్తున్నాను. పది నిమిషాల్లో రండి."

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. వెనక కారు హారన్ కొట్టింది. రాగిణి ఎడమ ఇండికేటర్ వేసి యూ టర్న్ తీసుకుంది.