సానరాయి మీద వస

గల్ఫ్‌లోని బనియాస్‌లో కిరాణా కొట్టు పైనున్న ఆ చిన్న ఆఫీసులోకి వస్తూనే రాజమౌళి నేల మీద కూలబడ్డాడు. సైటు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, బట్టలనిండా సిమెంటు దుమ్ము.

"మేడం, నా పెండ్లాన్ని పోలీసులకు పట్టిస్తరట! పిలగానికి విషం బెట్టిందట. ఒప్పుకునెతందుకు పొద్దుమీకేదాంక టైమిచ్చిండు ఆమె పనిజేసే ఇంటి సారు. అటెన్క ఖలాస్, జైలే!"

ప్రైవేటు డిటెక్టివ్ ఉమాదేవి కళ్లద్దాలు సర్దుకుంది. ఆమె అసిస్టెంటు షఫీ మంచినీళ్లు అందించి, ఒక్కొక్కటే అడిగి సంగతి రాబట్టాడు. రాజమౌళి భార్య చంద్రవ్వ, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో భార్గవ్, ఆమని అనే ఉద్యోగస్తుల ఇంట్లో రెండేళ్ల హవిష్‌ను చూసుకుంటోంది. నిన్న ఆదివారం బాబుకు వాంతులై, ఫిట్స్ వచ్చి ఆస్పత్రి పాలయ్యాడు. చంద్రవ్వ సంచిలో ఏదో వేరు దొరికింది.

"సొంత బిడ్డలెక్క సాదుతది మేడం. నేను ఫోన్ జేస్తె 'మామా' అంటడు ఆ పోరడు. గసొంటోనికి విషం బెడ్తదా?"

"ఇంతకుముందు వాంతులయ్యాయా?" అడిగింది ఉమాదేవి.

"అయినయట. ఐతారం ఐతారమే."

"ఆదివారం చంద్రవ్వ ఎక్కడుంటుంది?"

"ఛుట్టీ గద. పొద్దంత నా తాన్నే ఉంటది."

ఉమాదేవి లేచింది. "షఫీ, యల్లా! బండి తియ్."

షఫీకి ఆవిడంటే మహా గురి. ఆవిడ అలా లేచిందంటే ఏదో పట్టేసిందనే లెక్క. ఏం పట్టిందో మాత్రం, పాపం, అతనికి ఏనాడూ ముందుగా తెలిసి చావదు.

ఇంట్లో భార్గవ్ నిప్పులు కక్కుతున్నాడు. వంటింటి మూల చంద్రవ్వ మోకాళ్ల మీద తల ఆన్చుకుని కూర్చుంది.

"ఇదిగోండి వేరు! శనివారమే పాలల్లో కలిపి వెళ్లిపోయుంటుంది," అన్నాడతను, ఉమాదేవి డిటెక్టివ్ అని తెలియగానే.

నల్లదారానికి కట్టిన వస కొమ్ము. బొగ్గులా కాలి ఉంది. ఉమాదేవి దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఎక్కడా అరిగిన గుర్తు లేదు.

"పిలగాని చేతికి కడ్దామని తెచ్చిన మేడం. సారు నల్లదారం వద్దన్నడు. సంచిల ఏసుకున్న," అంది చంద్రవ్వ.

ఏడ్చి ఏడ్చి ఆమని కళ్లు వాచిపోయాయి. "బాబును ఐసీయూలో ఉంచి, ఏం తిన్నాడో ఇంట్లో చూసి రమ్మన్నారు డాక్టరు. మాకేం తెలుసండీ? వాడా చెప్పలేడు. రెండేళ్లొచ్చాయి, అమ్మా అని కూడా అనలేదు."

గోడ మీద ఫొటోలో హవిష్ పెదాల మీద వేలు పెట్టుకుని నవ్వుతున్నాడు. "ఎప్పుడూ ఇదే పోజు," అన్నాడు భార్గవ్.

ఉమాదేవి పూజగదిలోకి వెళ్లి, గంధం తీసే సానరాయిని వాసన చూసి షఫీకిచ్చింది. గంధం వాసన కాదు. ఘాటుగా ముక్కుకు తగిలింది. రాయి మీద తెల్లటి గసి అంటుకుని ఉంది.

ఆవిడ అందర్నీ హాల్లోకి పిలిచింది.

"వస చిత్తడి నేలల్లో పెరిగే మొక్క. దాని వేరును వైద్యులు శుద్ధి చేసి కడుపుబ్బరానికి, దగ్గుకు వాడతారు. మాటలు రావాలని మనవాళ్లు పిల్లలకు నాకిస్తారు. ఆముదం దీపం మీద మాడ్చి, సాన మీద ఒక్క రుద్దు రుద్ది, నాలుకకు తాకిస్తారు, అంతే. అదీ వద్దనే డాక్టర్లు చెబుతారు. పచ్చిది మరీ ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. చంద్రవ్వ కొమ్ము నల్లది, అరగలేదు. రాయి మీది గసి తెల్లది. బాబు జబ్బుపడేది చంద్రవ్వ లేని రోజు. ఆమనీ, ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యమ్మా."

ఆమని ఫోన్ తీసి భర్త చేతిలో పెట్టింది. సానరాయి వైపు చూస్తూ అంది. "అమ్మ ఫోన్లో వస అరగదీసి పెట్టవే అంది. మాడ్చాలని చెప్పలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ నల్లకొమ్ము అరగదీస్తుంటే చూసి, వస నల్లగానే ఉంటుందేమో, కొట్లో దొరికింది వేరే రకమేమో అనుకున్నాను. ఎంతకీ మాటలు రావట్లేదని ఆదివారం ఆదివారం కొంచెం కొంచెం ఎక్కువ పెట్టాను. వేరు ముక్కే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఈయన చంద్రవ్వను అంటుంటే... భయమేసి నోరు మూసుకున్నాను."

భార్గవే డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత చంద్రవ్వ మొహం చూడలేక తల దించుకున్నాడు.

"ఇంకొకటుంది," అంది ఉమాదేవి మెల్లగా. "రాజమౌళిని ఫోన్లో 'మామా' అనే పిల్లాడికి మాటలు రాకపోవడమేంటి, చంద్రవ్వా?"

చంద్రవ్వ భోరున ఏడ్చింది. "ఎప్పుడో అచ్చినయి మేడం. ముందుగాల నన్నే అమ్మా అన్నడు. కన్నతల్లి ఇన్నదంటే గుండె పగిలి సస్తదని, ఆమె ముందట మాట్లాడకురా అని మూతి మీద ఏలు బెట్టిచ్చిన. ఆటనుకున్నడు. ఆమె మందు బెడ్తదని నాకేం ఎర్క?"

షఫీ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఎవర్ని తిట్టాలో అతనికి తెలియలేదు.

సాయంత్రం ఆస్పత్రిలో ఇక గండం గడిచినట్టేనన్నారు. హవిష్ కళ్లు తెరిచాడు. ఆమని మంచం మీదికి వంగి, "నాన్నా, ఒక్కసారి అమ్మా అనరా," అంది.

వాడు ఆమెను చూశాడు. ఆమె వెనక నిలబడ్డ చంద్రవ్వను చూశాడు. సెలైను సూది ఉన్న చెయ్యి కష్టంగా ఎత్తి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.