కుడి చెవి వంతు

తెనాలి కొత్తపేటలో ఇస్సాకు నెట్ సెంటర్ మేడ మీద, రేకుల కింద ఉండేది. ప్లైవుడ్ గదులు. గదికో కంప్యూటరు, ఒక హెడ్‌ఫోను. ఇద్దరు కలిసి వస్తే చెరో చెవి పంచుకోవాల్సిందే. వేమూరు నుంచి ఝాన్సీలక్ష్మి, రేపల్లె నుంచి అనుపమ వచ్చి, డిగ్రీ అయిన దగ్గర్నుంచి అలాగే ఉద్యోగం కోసం ఇంగ్లీషు వార్తలు వినేవాళ్లు. ఎడమ చెవి ఝాన్సీది, కుడి చెవి అనుపమది.

ఒక్కసారి వింటే చాలు, అనుపమ తెర మీది ప్రశ్నలకు టకటకా జవాబులు నొక్కేసేది. ఝాన్సీకి మాత్రం ఆ ఇంగ్లీషంతా మూకుట్లో గింజలు వేగినట్టు చిటపటమనేది.

"ప్రతి మాటా పట్టుకోవాలని చూడకే. పోయింది పోనీ, ముందుకెళ్లు," అనేది అనుపమ.

"నీకేంటమ్మా, దేవుడొచ్చి నీ చెవిలో కూర్చున్నాడు," అని నవ్వేది ఝాన్సీ. లోపల ఒళ్లు మండిపోయేది.

ఆ శుక్రవారం సాయంత్రం హైదరాబాదు కాల్ సెంటరు వాళ్లు ఇస్సాకు ఫోనుకే చేసి ఇద్దరినీ ఇంటర్వ్యూ చేస్తామన్నారు. ఖాళీ ఒక్కటే. అది రాకపోతే ఝాన్సీ బతుకంతా బాబాయి ఎరువుల కొట్లోనే.

వాన పట్టింది. రేపల్లె బండి ఆలస్యం. ఝాన్సీ ఒక్కతే గదిలోకెళ్లి, మొదటిసారి రెండు చెవులకూ హెడ్‌ఫోను పెట్టుకుంది. కుడివైపు స్పాంజి చల్లగా తగిలింది. బురద వాసన.

వార్త మొదలైంది. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది...

కుడి చెవిలో గొంతు ఆగలేదు.

ఆడగొంతు. ఇంగ్లీషు కాదు.

"వినపడుతోందా, అమ్మాయ్?"

ఝాన్సీ హెడ్‌ఫోను తీసేద్దామని చెయ్యెత్తింది. ఆ గొంతు ఇందాకటి వార్తంతా తెలుగులో పొల్లుపోకుండా చెప్పుకొచ్చింది. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. ఓహో, ఇదా అనుపమ తెలివి! ఇన్నాళ్లూ నా దగ్గర దాచిందన్నమాట!

"నాక్కూడా ఇలా అర్థమయ్యేట్టు చెయ్యి," అంది గుసగుసగా.

"నీకివ్వాలంటే ఒకరి దగ్గర తియ్యాలి."

"దాని దగ్గర తియ్యి."

"పేరు చెప్పు."

చెప్పింది.

చెవిలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు... నిదానంగా... చాలాసేపు.

"అనుపమ కూడా నిన్నిలాగే అడిగిందా?"

"ఆ పిల్లా? ఆ పిల్లకి నా గొంతే వినపడదు."

కరెంటు వచ్చింది. మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు. అనుపమ తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఫోనొచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఏంటే, ఊరికే పెదాలాడిస్తావు? ఆటలొద్దు, గట్టిగా చెప్పు." నవ్వబోయి ఆగింది. అరచేతులతో చెవులు కొట్టుకుంది. "ఝాన్సీ... వాన ఆగిపోయిందా?"

రేకుల మీద వాన హోరున కొడుతోంది.

ఫోను మోగింది. "అనుపమా, నీకేనమ్మా!" ఇస్సాకు కేకేశాడు. మళ్లీ కేకేశాడు. అనుపమ తల తిప్పలేదు. ఝాన్సీ వెళ్లి ఫోను అందుకుని ఒక్కతే మెట్ల దగ్గరికి నడిచింది.

"అనుపమ రాలేదండి. నేను ఝాన్సీలక్ష్మినండి."

అవతలాయన ఇంగ్లీషులో ప్రశ్నలు మొదలుపెట్టాడు. ప్రతి మాటా మంచినీళ్లంత తేటగా వినపడింది. ఒక్కటీ తడబడకుండా జవాబు చెప్పింది. ఆఖరికి ఆయన తెలుగులోకి దిగాడు.

"సెలెక్టయ్యారమ్మా. ఒక్క మాట... మీ పక్కనున్నావిడని కొంచెం ఆగమనండి. నేను అడగకముందే జవాబులు చెప్పేస్తున్నారు."

ఝాన్సీ పక్కకి చూసింది. ఎవరూ లేరు.

"నాకేం వినపడట్లేదండి," అంది.

"అదేంటమ్మా? ఇప్పుడు కూడా... ఎవరెవరి పేర్లో వరసగా చదువుతున్నారు కదా? అనుపమ తర్వాత మీ పేరే వచ్చింది."